తాలిక్రాక్ ఎక్కడుంది?

“తాలిక్రాక్ ఎక్కడుంది?”

ఎగ్జామినర్ ఈ ప్రశ్న అడగడం ఇది మూడోసారి. మొదటిసారి ఫ్రెంచిలో మర్యాదగా అడిగాడు. రెండోసారి ఫ్రెంచిలోనే గట్టిగా అడిగాడు. ఇప్పుడు తెలుగులోకి దిగాడంటే ఓపిక అయిపోయిందన్నమాట.

ప్రిన్సిపాల్ గదిలో గోడకి అంటుకుపోయి నిలబడ్డ ముగ్గురు పిల్లలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

“ఊరండీ,” అన్నాడు రేడియో. నోరు మూతపడదు కాబట్టి క్లాసులో వాడికా పేరు.

“ఊరని నాకూ అర్థమైంది. నిన్న నువ్వు వెళ్ళొచ్చావు కదా. ఎక్కడుంది?”

“దూరమండీ.”

“ఎంత దూరం?”

“తెలీదండీ. బస్సులో నిద్రపోయాను.”

“నువ్వూ నిద్రపోయావా?” ఎగ్జామినర్ పక్కనున్న పొడుగోడి వైపు తిరిగాడు. వాడు తల ఊపాడు. కళ్ళజోడు అని అందరూ పిలిచే మూడో పిల్ల మాత్రం ఏడుపు ఆపుకోవడానికి కింది పెదవి కొరుక్కుంటోంది.

“నేను ఫ్రాన్సులో చాలా ఏళ్ళున్నాను,” అన్నాడు ఎగ్జామినర్. “తాలిక్రాక్ అనే ఊరు నేను వినలేదు. అక్కడ మీరు ముగ్గురూ చేసిన పని పేరు కూడా వినలేదు. జె దిగవే. నేను దిగవేశాను! ఏం చేశారు నాన్నా మీరు? ఏం దిగవేశారు?”

తలుపు దగ్గర నిలబడ్డ ఫ్రెంచి టీచర్‌కి భూమి చీలి తనని లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. ఆ ముగ్గురూ ఆమె పిల్లలే. ఆ భూతకాలం ఆమె నేర్పిందే.

ఆ ఉదయం నోటి పరీక్ష. మధ్యాహ్నం రాత పరీక్ష. నోటి పరీక్షకి ఒకే అంశం, అందరికీ అదే. సీలు వేసిన కవర్లో వస్తుంది. పరీక్ష గదిలో ఎగ్జామినర్ దాన్ని చించేదాకా అందులో ఏముందో ఎవరికీ తెలియకూడదు. ఈసారి వచ్చిన అంశం, ‘నిన్న మీరేం చేశారు?’

రేడియో లోపలికెళ్ళాడు. నిన్న కుటుంబంతో కలిసి భోంచేశాడట, బంతాట ఆడాడట, తాలిక్రాక్‌లో దిగవేశాడట. ఎగ్జామినర్ నవ్వుకుని వదిలేశాడు. కళ్ళజోడు వచ్చింది. అదే భోజనం, అదే బంతి, అదే ఊరు. ఎగ్జామినర్ కలం పక్కన పెట్టాడు. పొడుగోడు వచ్చి నోరు తెరవగానే పరీక్ష ఆపేసి కవరు తిప్పి చూశాడు. పైన సీలు చెక్కుచెదరలేదు. అడుగున అతుకు మాత్రం కొత్త జిగురుతో మెరుస్తోంది.

“నిన్నటినుంచీ ఈ కవరు ఎక్కడుంది?” అని అడిగాడు ఎగ్జామినర్.

“ఆ బీరువాలో,” అన్నాడు ప్రిన్సిపాల్. బల్ల వెనక ఆయన భుజాలు ఇంకా కుంగినట్టు కనిపించాయి. నెరిసిన గడ్డం, ముక్కుమీదికి జారిన అద్దాలు. “తాళంచెవి తలుపు వెనక మేకుకి వేలాడుతుంది. తప్పే. స్కూల్లో అందరికీ తెలిసిన రహస్యం అది. నిన్న సాయంత్రం నేను తొందరగా ఇంటికెళ్ళిపోయాను.”

“నిన్న సాయంత్రం ఈ గది దగ్గరికి ఎవరొచ్చారు?”

గుమ్మం పక్కనున్న ప్యూన్ గొంతు సవరించుకున్నాడు. “ఆ పిచ్చుక వచ్చిందండీ. హాల్ టికెట్ మీద సంతకానికని.”

పిచ్చుక గది మూలన నిలబడి ఉంది. చిన్న మనిషి, చిన్న గొంతు, అందుకే ఆ పేరు. ఈ బళ్ళో ఫ్రెంచి బాగా వచ్చిన పిల్ల ఎవరని అడిగితే బల్లలు కూడా ఆమె వైపే చూపిస్తాయి. ఆ ముగ్గురికంటే ముందే నోటి పరీక్షలో ఆమె చెప్పిన జవాబులో తాలిక్రాక్ లేదు. నిన్న అమ్మ కండక్టరుగా వెళ్ళే బస్సు చెడిపోయిందని, ఇంటిదాకా నడిచొచ్చామని, చెల్లి తన వీపుమీదే నిద్రపోయిందని చెప్పింది. ఒక్క తప్పు లేదు.

ఆ తప్పు లేకపోవడమే ఇప్పుడామె మెడకి చుట్టుకుంది.

“ముగ్గురు ఒకే వంట తిన్నారు,” అన్నాడు ఎగ్జామినర్ మెల్లగా. “వండిన మనిషి మాత్రం తినలేదు. ఈ ముగ్గురికీ రోజూ సాయంత్రం చదువు చెప్పేది ఈ అమ్మాయేనట కదా?”

“నేను... నేను చెప్పేది వేరు సార్,” అంది పిచ్చుక. ఎవరికీ వినపడలేదు.

ఎగ్జామినర్ సంచిలోంచి ఒక కాగితం తీశాడు. టీచర్‌కి ఆ కాగితం తెలుసు. దాని మీద పేరు పడితే ఆ ఏడాది పరీక్ష లేనట్టే.

“రాత పరీక్ష గంట కొట్టేలోపు ఇది నింపాలి,” అన్నాడు. “ఈలోగా ఎవరైనా నిజం చెబితే వింటాను. నాకు పిల్లల్ని తొక్కాలనేం లేదు. కానీ కవరు తెరిచింది ఎవరో ఒకరు. ఆ పేరు లేకుండా నేను గేటు దాటలేను.”

కిటికీలోంచి ఎండ అప్పుడే బల్ల అంచుని తాకింది.

*

“నిన్న ఇక్కడికొచ్చి ఏం చేశావే?” వరండాలోకి రాగానే అడిగింది టీచర్.

“తలుపు కొట్టాను మేడమ్. ఎవరూ తియ్యలేదు. వెళ్ళిపోయాను.”

“అంతేనా?”

“అంతే మేడమ్.” హాల్ టికెట్ అంచు మడుస్తూ, “సీటు పోతుందా మేడమ్?” అంది.

టీచర్‌కి ఆ సీటు సంగతి తెలుసు. భాషల కాలేజీలో హాస్టల్‌తో సహా సీటు. ఫ్రెంచి పాసైతేనే. ఈ ఏడాది కాకపోతే ఆ సీటు ఇంకొకరిది. పిచ్చుక ఏడాదంతా బస్సు డిపో బెంచీ మీద కూర్చుని, అమ్మ డ్యూటీ దిగేదాకా క్రియలు వల్లించింది ఆ సీటు కోసమే.

“ఇక్కడే కూర్చో. కదలకు,” అని చెప్పి, టీచర్ ఆ ముగ్గురినీ పక్క క్లాసులోకి లాక్కెళ్ళి తలుపు మూసింది.

“చెప్పండి. ఎక్కడిది మీకా జవాబు?”

“ఫోన్లో వచ్చింది మేడమ్,” అంది కళ్ళజోడు. “వాయిస్ మెసేజ్. మా ముగ్గురికే. కొత్త నంబరు. రేపు ఇదే అడుగుతారు, ఇలా చెప్పండి, అని. తెల్లారేసరికి దానంతటదే మాయమైపోయింది.”

“ఆ నంబరుకి చేశారా?”

“స్విచ్చాఫ్.”

“గొంతెవరిది?”

“గుసగుస మేడమ్,” అన్నాడు రేడియో.

“మగ గొంతా, ఆడ గొంతా?”

“గుసగుసకి మీసాలుంటాయా మేడమ్?”

పొడుగోడు కిసుక్కుమన్నాడు. టీచర్ చూపుకి వాడి నవ్వు గొంతులోనే చచ్చింది.

ఆమె మెదడు చకచకా లెక్కలు వేసింది. క్లాసులో అంతమంది ఉండగా ఈ ముగ్గురికే ఎందుకు పంపారు? ముందు పరీక్షలో తప్పింది ఈ ముగ్గురే కాబట్టి. పంపిన మనిషికి అది తెలుసు. పిచ్చుకకి తెలుసు. తనకీ తెలుసు. ఆ పేర్లు ప్రిన్సిపాల్‌కి చెప్పింది తనే కాబట్టి ఆయనకీ తెలుసు. ‘ఈసారి వీళ్ళు తప్పారో, ఫ్రెంచి ఎత్తేస్తారమ్మాయ్,’ అన్నాడాయన. ఫ్రెంచి ఎత్తేస్తే టీచర్ ఉద్యోగం కూడా లేచిపోతుంది. అంటే ఈ మొత్తం వ్యవహారంలో లాభం ఎవరికని ఎగ్జామినర్ ఆలోచించడం మొదలుపెడితే, పిచ్చుక తర్వాత వేలు చూపించేది తన వైపే.

“విన్నది విన్నట్టు చెప్పు,” అంది రేడియోతో. “మీరు కలిపింది కాదు. చెవిలో పడింది.”

రేడియో కళ్ళు మూసుకున్నాడు. వాడి చెవి మాత్రం బంగారం. విన్న పాటని మర్చిపోడు, విన్న పాఠాన్నే మర్చిపోతాడు.

“ఇయేర్, జె మాంజే అవెక్ మ ఫామియ్. జె జువే ఓ బలోఁ. తర్వాత ఆగిందండీ. కుర్చీ జరిగినట్టు చప్పుడు. కాసేపయ్యాక, కొంచెం దూరంనుంచి, దిగవే తాలీ... క్రాక్. మళ్ళీ దగ్గరికొచ్చి, జె దొర్మి.”

“మరి ‘జె దిగవే ఆ తాలిక్రాక్’ అన్నారేం?”

“గురువుగారు తొందరలో ‘జె’ మర్చిపోయారనుకున్నాం మేడమ్,” అన్నాడు రేడియో. “మీరే కదా చెప్పారు, చివర ‘ఎ’ మోగితే అయిపోయిన పని, దాని ముందు ‘జె’ ఉండాలని. మాంజే, జువే, దిగవే. అందుకని కలిపాం.”

“ఊరి పేరు ముందు, ఆ ఊళ్ళో అనడానికి, ‘ఆ’ కూడా పెట్టాం మేడమ్,” అంది కళ్ళజోడు, కొంచెం మెచ్చుకోలు ఆశిస్తూ.

టీచర్ నుదురు పట్టుకుంది. ఏడాదంతా అరిచి చెప్పినా ఎక్కని వ్యాకరణం, సరిగ్గా కొంప ముంచడానికే ఎక్కింది.

“దిగవే తాలీ. క్రాక్,” అని తనలో తను అనుకుంది. మళ్ళీ అంది. ఎక్కడో విన్నట్టుంది. నాలుక చివరే ఉంది. ఫ్రెంచి మాటలన్నీ గాలించింది, దొరకలేదు.

దొరక్కపోవడంలో వింతేం లేదు. వెతుకుతున్నది తప్పు భాషలో.

*

వరండాలోకి రాగానే ఎదురుగా పిచ్చుక వాళ్ళమ్మ. ఒంటి మీద బస్సు యూనిఫాం, భుజాన సంచి. కబురందగానే డ్యూటీ మధ్యలోంచి పరుగెత్తుకొచ్చినట్టుంది, జుట్టంతా చెదిరిపోయి ఉంది. వెంట తెచ్చిన చిన్నది అప్పుడే వరండా పిట్టగోడ ఎక్కి అటుపక్కకి వంగి చూస్తోంది.

“టీచరమ్మా, ఏందండీ ఇది? మా పిల్ల దొంగతనం చేసిందంటున్నారు? అది ఇంట్లో పంచదార డబ్బా తియ్యాలన్నా నన్నడిగి తీస్తుందండీ!”

“మీరు కూర్చోండి...”

“ఏం కూర్చుంటానండీ! ఏయ్, నిన్నే! పడతావ్! దిగవే తల్లీ, దిగు!”

చిన్నది దూకింది.

టీచర్ నిలబడిన చోటే బిగుసుకుపోయింది.

దిగవే తల్లీ.

ఫ్రెంచి కాదు. ఊరు కాదు. భూతకాలం అసలే కాదు. శుభ్రమైన తెలుగు! ఎవరో జవాబు రికార్డు చేస్తూ, మధ్యలో లేచి, ఎవరినో దిగమన్నారు. గుసగుసలో ‘తల్లీ’ నలిగి ‘తాలీ’ అయింది. పిల్లలు దానికి ఫ్రెంచి చొక్కా తొడిగారు.

ఆమె పెదవుల మీదికి నవ్వు రాబోయింది. రాలేదు. ఎందుకంటే ప్రిన్సిపాల్ గది గుమ్మంలో ఎగ్జామినర్ నిలబడి ఉన్నాడు. ఆయన మొహం చూస్తే తెలుస్తోంది, ఆయనకీ అర్థమైంది.

“మళ్ళీ అనండమ్మా,” అన్నాడాయన.

“ఏంటండీ?” అంది తల్లి.

“పాపని ఇప్పుడు ఏమన్నారు?”

“దిగవే తల్లీ అన్నాను. ఏం, తప్పా? రోజంతా నా నోట్లో ఉండేది ఆ మాటేనండీ. ఎక్కండి, దిగండి. ఆ రెండు మాటలతోటే ఇల్లు లాక్కొస్తున్నా.”

ఎగ్జామినర్ పిచ్చుక వైపు చూశాడు. అందులో కోపం లేదు, జాలే ఉంది. అది ఇంకా భయంకరంగా ఉంది.

“ఇంట్లో కూర్చుని రికార్డు చేశావు. మధ్యలో చెల్లి ఏదో ఎక్కింది. దిగమన్నావు. అంతే కదమ్మా?”

“లేదు సార్...”

“తెలివైనదానివి. స్నేహితులకి సాయం చేద్దామనుకున్నావు. కానీ కవరు తెరవడం సాయం కాదు.”

ఆయన లోపలికెళ్ళి కలం మూత తీశాడు.

*

అందరూ మళ్ళీ గదిలోకి వచ్చారు. తల్లి చిన్నదాన్ని చంకనెత్తుకుని పిచ్చుక పక్కన నిలబడింది. ఏం అనాలో తెలియక కూతురి జడ సర్దుతోంది. ఎండ ఇప్పుడు బల్ల సగం దాటి ఎగ్జామినర్ చేతి మీదికి పాకింది.

ప్రిన్సిపాల్ లేచి వచ్చి టీచర్ని బీరువా పక్కకి పిలిచాడు.

“పోనీ అమ్మాయ్,” అన్నాడు రహస్యంగా. “ఒక్క ఏడాది. వచ్చే ఏడు మనమే దగ్గరుండి రాయిద్దాం. చిన్న పిల్ల, దానికేం. నువ్వు మాట్లాడితే నీ మెడకి చుట్టుకుంటుంది. నీ ఉద్యోగం సంగతి కూడా చూసుకోవాలి కదా.”

ఆ గొంతులో ప్రేమ ఉంది. అది నటన కాదు. ఈ బళ్ళోనే, ఈయన దగ్గరే ఆమె ఫ్రెంచి నేర్చుకుంది. అప్పుడాయన ప్రిన్సిపాల్ కాదు, వట్టి ఫ్రెంచి మాస్టారు. ‘ర’ గొంతులోంచి రావడం లేదని ఆమె ఏడిస్తే, నీళ్ళ గ్లాసు చేతికిచ్చి పుక్కిలించమని, ‘అదిగో, వచ్చేసింది, అదే ర!’ అని నవ్వించిన మనిషి. నలుగురిలో ఆయన్ని ‘సార్’ అనే పిలుస్తుంది. ఎవరూ లేనప్పుడు మాత్రం ఇప్పటికీ ‘మాస్టారూ’ అనే.

“అలాగే మాస్టారూ,” అనబోయింది.

ఏదో అడ్డుపడింది.

క్రాక్.

పాప గోడ దిగితే ధభీమంటుంది. మంచం దిగితే కిర్రుమంటుంది. పిల్లి దిగితే అసలు చప్పుడే ఉండదు. ఏం దిగితే ‘క్రాక్’ అంటుంది?

ఎగ్జామినర్ రాయడం మొదలుపెట్టాడు. ఎండ సరిగ్గా కళ్ళల్లో పడింది. చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. కుర్చీ పక్కకి జరుపుకున్నాడు. ఎండ కూడా జరిగింది.

టీచర్ కిటికీ వైపు చూసింది.

పడమటి కిటికీ. పైనుంచి తాడుతో దించే పలకల పరదా. స్కూలంతటికీ తెలిసిన మొండి పరదా. ప్యూన్ లాగితే రాదు, క్లర్క్ లాగితే రాదు, ఒక్క మనిషి చెయ్యే దానికి తెలుసు. మధ్యాహ్నం దాటితే ఈ గదిలో ఆ పరదా దించకుండా ఎవరూ కూర్చోలేరు. వచ్చినవాళ్ళ మీద ఎండ పడకముందే లేచి దించేస్తాడు ప్రిన్సిపాల్. అంత మర్యాదస్తుడు.

ఇవాళ అతిథి కళ్ళల్లో ఎండ పడుతోంది. మాస్టారు చూస్తున్నాడు. అయినా కిటికీ దగ్గరికి వెళ్ళలేదు.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి. మాస్టారి పాత స్కూటరు. అది మొరాయిస్తే వెనకనుంచి తోసే పిల్లల్లో తనూ ఉండేది. ముందు మాస్టారు హ్యాండిల్ పట్టుకుని దాన్ని బతిమాలేవాడు. కదలవే తల్లీ. ఒక్కసారి కదలవే.

‘తల్లీ’ అని పిలిపించుకోవాలంటే ప్రాణం ఉండక్కర్లేదు. మొరాయిస్తే చాలు.



“పిచ్చుకా,” అంది, కళ్ళు కిటికీ మీదినుంచి తిప్పకుండానే. “నిన్న తలుపు కొట్టానన్నావు. బయట తాళం ఉందా?”

“లేదు మేడమ్. లోపల గడియ వేసుంది.” అంది పిచ్చుక. “ఎవరూ అడగలేదని చెప్పలేదు.”

ఎగ్జామినర్ కలం ఆగింది. లోపల గడియ వేసి ఉన్న గది ఖాళీ గది కాదు.

ప్రిన్సిపాల్ మెల్లగా తన కుర్చీలోకి వెళ్ళి కూర్చున్నాడు.

“మాస్టారూ,” అంది టీచర్. నలుగురిలో ఆ పిలుపు అదే మొదటిసారి. “ఆయన కళ్ళల్లో ఎండ పడుతోంది. కాస్త పరదా దించండి.”

“అది మొండిదమ్మాయ్. రాదు.”

“మీకు వస్తుంది కదా.”

“దించండి సార్, పుణ్యముంటుంది,” అన్నాడు ఎగ్జామినర్ చిరాగ్గా. “ఇందాకట్నుంచీ చూస్తున్నా, కాల్చేస్తోంది.”

ఇక తప్పలేదు. ప్రిన్సిపాల్ లేచాడు. కుర్చీ నేలమీద గీరుకుంది. గోడ దగ్గర రేడియో తల ఎత్తాడు.

ఆయన తాడు పట్టుకుని లాగాడు. పరదా సగందాకా వచ్చి ఇరుక్కుంది. మళ్ళీ లాగాడు, రాలేదు. పెదవులు గట్టిగా బిగించి ఉన్నాయి. ఏళ్ళ తరబడి మాటా చెయ్యీ కలిపి దించిన మనిషికి, మాట లేకుండా చెయ్యి ఎలా ఆడించాలో తెలియడం లేదు. తాడు ఇటు వంచాడు, అటు వంచాడు. నుదుట చెమట పట్టింది. గదిలో అందరూ ఆ పరదా వైపే చూస్తున్నారు.

అమ్మ చంకలోని చిన్నదానికి ఇదంతా భలే సరదాగా ఉంది. వేలు చూపించి, అమ్మ గొంతుతోనే హుకుం జారీ చేసింది.

“దిగవే!”

క్రాక్.

పరదా జరజరా కిందికి జారింది. గది చల్లబడింది.

“మేడమ్!” రేడియో కేక పెట్టాడు. “అదే! తాలిక్రాక్ అదే! ఆ చప్పుడే!”

“అదే,” అంది కళ్ళజోడు. “ముందు కుర్చీ కూడా అలాగే గీరుకుంది.”

పొడుగోడు తల ఊపాడు. ఈసారి నిజంగా.

 తాడు ఇంకా ప్రిన్సిపాల్ చేతిలోనే ఉంది. ఆయన గది వైపు తిరగలేదు. మూసి ఉన్న పరదానే చూస్తున్నాడు, అందులోంచి బయట ఏదో కనిపిస్తున్నట్టు.

“అమ్మాయ్,” అన్నాడు చాలా మెల్లగా. “ముగ్గురే. ఆ ముగ్గురు గట్టెక్కితే చాలు, నీ క్లాసు ఉండేది.”

ఆ మాట ఆమెకి మాత్రమే వినిపించింది. వినిపించకపోయినా బాగుండేది. ఆ కవరు తెరిచింది తన కోసం. ఈ బళ్ళో ఫ్రెంచి మొదలుపెట్టింది ఆయన. దాన్ని నిలబెట్టాలని, తనని నిలబెట్టాలని చూశాడు. అందుకోసం ఒక పిల్లని పడిపోనిచ్చాడు. రెండూ చేసింది ఈ చేతులే. ఆమెకి నీళ్ళ గ్లాసు అందించిన చేతులే.

ఎగ్జామినర్ కలం కింద పెట్టలేదు. ఆయన మొహంలో ఇందాకటి జాలి పిచ్చుక మీదినుంచి టీచర్ మీదికి మారింది.

“టీచర్‌గారూ,” అన్నాడు. “చప్పుడు దొరికింది. గది దొరికింది. కానీ ఈ కాగితంలో మనిషి కోసం ఒక గడి ఉంది. పరదాని డిబార్ చెయ్యలేను కదా. ఎవరో ఒకరు నోరు తెరిచి చెప్పాలి. చెప్పిన మరుక్షణం ఈ అమ్మాయి హాల్లోకి వెళ్తుంది. చెప్పకపోతే నేను రాసింది రాసినట్టే.”

వరండాలో ప్యూన్ గంట కొట్టడం మొదలుపెట్టాడు. హాలు తలుపులు తెరుస్తున్న చప్పుడు. పిల్లల చెప్పులు పరుగెత్తుతున్న చప్పుడు.

పిచ్చుక హాల్ టికెట్ని రెండు చేతులతో పట్టుకుని ఉంది. దాని మీద సంతకం ఇంకా లేదు. తల్లి ఆమె జడ సర్దడం ఆపేసింది. 

“మేడమ్,” అంది పిచ్చుక. ఏమీ అడగలేదు. అంతే అంది.

టీచర్ మాస్టారి వీపు వైపు చూసింది. ఆయన తాడు వదిలేశాడు. తిరిగి ఆమె కళ్ళల్లోకి చూశాడు. ‘ర’ పలకడానికి ముందు పిల్లకి ధైర్యం చెప్పేటప్పుడు అప్పట్లో ఎలా తల ఊపేవాడో, అలాగే, చాలా కొద్దిగా, తల ఊపాడు.

“చెప్పండి,” అన్నాడు ఎగ్జామినర్. “కవరు తెరిచిందెవరు?”

టీచర్ ఎగ్జామినర్ వైపు తిరిగింది.

“మా మాస్టారు.”